స్విట్జర్లాండ్ వెళ్తున్నారా? ఒక్క లోయ పట్టుకోండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు స్విట్జర్లాండ్ గురించే ఉన్నాయి, వేసవి సెలవులకి ఇప్పట్నుంచే ప్లాన్లు మొదలైనట్టున్నాయి. అందుకే వియత్నాం, బాలి వాళ్ళ ప్రశ్నలు వచ్చే నెలకి ఉంచి ఈసారి మొత్తం ఆల్ప్స్ కొండల్లోనే తిరుగుదాం. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: నేను, మావారు, పదో తరగతి అయిపోయిన అబ్బాయి, ఐదో తరగతి పాప మే నెలాఖర్లో వెళ్దామనుకుంటున్నామండి. ట్రావెల్స్ వాళ్ళు పది రోజుల్లో పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ అంటున్నారు. అందులో స్విట్జర్లాండ్‌కి రెండే రోజులు, ఒకరోజు టిట్లిస్ కొండ, ఒకరోజు జంగ్‌ఫ్రా కొండ. సరిపోతుందా? (విజయవాడ)

సరిపోదమ్మా. డబ్బు దండగని కాదు, అసలు కొండ కనపడుతుందో లేదో అన్నదే అక్కడ పెద్ద సమస్య. ప్యాకేజీలో ఫలానా తేదీన జంగ్‌ఫ్రా అని ముందే రాసేస్తారు, ఆ రోజు పైన మబ్బు కమ్మేసి ఉంటే మీరు అంత టికెట్ పెట్టి పైకెళ్ళి తెల్లటి గోడలాంటి పొగమంచు చూసి కిందికి రావాలి, మర్నాడు పొద్దున్నే ఆకాశం ఉతికినట్టు ఉంటుంది కానీ అప్పటికి మీ బస్సు ఇటలీ దారి పట్టి ఉంటుంది. ఇది నేను చాలామంది దగ్గర విన్నాను, విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే జీవితంలో ఒకసారి వెళ్దామని కూడబెట్టుకున్న డబ్బులు అవి.

అందుకే నా సలహా ఏంటంటే ఈసారికి పారిస్, ఇటలీ వదిలేయండి. ఇంటర్లాకెన్ ఊరి చుట్టుపక్కల, వీలైతే లౌటర్‌బ్రునెన్ లోయలో, ఒకే గది తీసుకుని ఆరేడు రోజులు కదలకుండా ఉండండి. ఏ రోజు ఏ కొండ అన్నది ముందు రాసుకోవద్దు, ఆ రోజు పొద్దున్నే తేల్చుకోండి. అక్కడి హోటళ్ళలో చాలాచోట్ల టీవీ పెడితే ఒక చానెల్లో శిఖరాల మీద పెట్టిన కెమెరాల లైవ్ వస్తూ ఉంటుంది, పైన ఎండ ఉందా, మబ్బుందా, గాలి ఎంత, చలి ఎంత అన్నీ కింద రాసి ఉంటాయి, ఆ ఊళ్ళవాళ్ళు కూడా అదే చూసి బయల్దేరతారు. అదే కెమెరాలు ఫోన్లో కూడా చూడొచ్చు. మెటియోస్విస్ అని వాళ్ళ వాతావరణ శాఖ యాప్ ఉంది, అది పెట్టుకోండి. కింద ఊళ్ళో వాన పడుతున్నా పైన మబ్బుల మీద ఎండ కాస్తుండటం అక్కడ మామూలే, దానికి రివర్స్ కూడా అంతే మామూలు, కిటికీలోంచి చూసి నిర్ణయించుకోకండి.

ఇంక ఒకే లోయలో ఆరు రోజులు ఏం చేస్తాం, బోర్ కొట్టదా అంటారేమో. లౌటర్‌బ్రునెన్‌లో రెండువైపులా నిట్టనిలువు రాతిగోడలు, వాటి మీంచి దూకే జలపాతాలు మొత్తం 72 అని చెప్తారు. ఊరి పక్కనే పడేది స్టౌబాఖ్, 297 మీటర్లు, మే నెలాఖర్లో మంచు కరిగే టైం కాబట్టి నిండుగా ఉంటుంది, గాలి వీస్తే కిందికి చేరేలోపే సగం నీళ్ళు తుంపరైపోతాయి. 1779లో జర్మన్ కవి గోథే ఇక్కడికొచ్చి దీన్ని చూసే ఒక కవిత రాశాడు. చూడ్డానికి పైసా అక్కర్లేదు.

అక్కడ్నించి బస్సులో కొంచెం దూరం వెళ్తే ట్రూమెల్‌బాఖ్. ఇది మాత్రం మిస్ అవ్వొద్దు, పిల్లలకి అస్సలు మిస్ అవ్వనివ్వొద్దు. ఐగర్, మోంక్, జంగ్‌ఫ్రా మూడు కొండల మీద కరిగిన గ్లేసియర్ (మెల్లగా కిందికి జారే మంచు నది) నీళ్ళన్నీ కొండ కడుపులోంచి కోసుకుంటూ వస్తాయి, లోపలే పది జలపాతాలు, ఉధృతంగా ఉన్నప్పుడు సెకనుకి 20,000 లీటర్ల దాకా. రాతిలో తవ్విన లిఫ్ట్ ఎక్కి పైకెళ్ళి, తడి మెట్లు, సొరంగాల గుండా రెయిలింగ్ పట్టుకుని కిందికి దిగుతూ రావాలి, నీళ్ళు తిరగలిలా గిర్రున తిరుగుతూ నల్లటి రాతిని నున్నగా అరగదీసి ఉంటాయి, చప్పుడికి పక్కనున్నవాళ్ళ మాట కూడా వినపడదు, కాళ్ళ కింద నేల అదురుతూ ఉంటుంది. బయట ఎంత ఎండగా ఉన్నా లోపల చలి, రెయిన్‌కోటు వేసుకోండి. చెప్పులతో వెళ్ళకండి, జారుతుంది. నాలుగేళ్ళలోపు పిల్లల్ని లోపలికి రానివ్వరు, మీకు ఆ ఇబ్బంది లేదు. వాన పడే రోజుకి ఇది దాచిపెట్టుకోండి, వానొస్తే ఇంకా బాగుంటుంది తప్ప చెడిపోయేదేం లేదు.

బస ఎక్కడ అంటే, ఇంటర్లాకెన్‌లో షాపులు, ఇండియన్ హోటళ్ళు, రైళ్ళు అన్నీ దగ్గర. వెంగెన్ (1,274 మీటర్లు), ముర్రెన్ (1,638 మీటర్లు) రెండూ కొండ అంచు మీద ఊళ్ళు, రైలో కేబుల్ కారో ఎక్కే వెళ్ళాలి, మామూలు జనం కార్లు అక్కడికి రావు. పిల్లలు రోడ్డు మీద హాయిగా ఆడుకోవచ్చు. నన్నడిగితే వెంగెన్.

ప్రశ్న: జంగ్‌ఫ్రా, టిట్లిస్, షిల్ట్‌హార్న్ మూడిట్లో ఒక్కటే ఎంచుకోవాలంటే ఏది? జంగ్‌ఫ్రా టికెట్ చూసి గుండె ఆగినంత పనైంది. (ఖమ్మం)

ఎండాకాలంలో ఇంటర్లాకెన్ నుంచి పూర్తి టికెట్ 200 ఫ్రాంకులు దాటుతుంది, ఫ్రాంకేమో వంద రూపాయలు దాటింది, కాబట్టి మీ గుండె సంగతి నాకర్థమైంది.

మొదట ఒక విషయం, మనం వెళ్ళేది జంగ్‌ఫ్రా శిఖరానికి కాదు. శిఖరం 4,158 మీటర్లు, దాని పక్కన కనుమలో 3,454 మీటర్ల దగ్గర రైల్వే స్టేషన్ ఉంది, దాన్నే యూరప్‌లో అన్నిటికంటే ఎత్తైన స్టేషన్ అంటారు. అడాల్ఫ్ గుయెర్ జెల్లర్ అనే ఆయన తలపెడితే 1896లో పని మొదలైంది, ఆయన 1899లోనే పోయాడు, లైను పూర్తయి పైదాకా రైలు వెళ్ళింది 1912లో. దారిలో ఎక్కువ భాగం ఐగర్, మోంక్ కొండల లోపల సొరంగమే కాబట్టి రైల్లోంచి పెద్దగా ఏం కనపడదు, అది ముందే తెలిసుండాలి, లేకపోతే దారంతా సీనరీ అనుకుని వెళ్ళినవాళ్ళు నిరాశపడతారు. ఇప్పుడు గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరి నుంచి ఐగర్ ఎక్స్‌ప్రెస్ అని కేబుల్ కారుంది, 2020 డిసెంబర్లో మొదలైంది, ఐగర్ గోడ పక్కనుంచే పావుగంటలో ఐగర్‌గ్లెచర్ స్టేషన్‌కి చేరుస్తుంది, అక్కడ రైలెక్కాలి. వెళ్ళేటప్పుడు దీన్లో వెళ్ళి వచ్చేటప్పుడు క్లైనే షైడెగ్ స్టేషన్ మీదుగా పాత రైల్లో వెంగెన్ వైపు దిగండి, రెండు రకాలూ చూసినట్టుంటుంది.

పైన మంచు గుహ, చాక్లెట్ షాపు, ఇండియన్ రెస్టారెంట్ ఇవన్నీ నాకైతే ముఖ్యం కాదు. అక్కడికి వెళ్ళాల్సిన కారణం ఒక్కటే, ఆలెచ్ గ్లేసియర్. ఆల్ప్స్ మొత్తంలో ఇదే పెద్దది, 20 కిలోమీటర్లకి పైగా పొడుగు, 2001లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ మంచు నది మొదలయ్యే చోట నిలబడి అది వంపు తిరిగి వెళ్ళిపోవడం చూడాలి. ఆకాశం శుభ్రంగా ఉంటే ఆ డబ్బు ఇవ్వొచ్చు, లేకపోతే వద్దు, ఇందులో మధ్యేమార్గం లేదు.

డబ్బు నిజంగా ఇబ్బందైతే జంగ్‌ఫ్రా వదిలేసి మెన్‌లికెన్ వెళ్ళండి. వెంగెన్ నుంచో గ్రిండెల్‌వాల్డ్ నుంచో కేబుల్ కారు ఉంది, పైన దిగ్గానే ఐగర్, మోంక్, జంగ్‌ఫ్రా మూడూ ఎదురుగా వరసగా నిలబడి ఉంటాయి. అక్కడ్నించి క్లైనే షైడెగ్ దాకా నాలుగున్నర కిలోమీటర్లు, గంటన్నర నడక, చాలావరకు దిగుడే. ఆ మూడు కొండల్ని చూస్తూ నడిచే ఆ గంటన్నర ముందు నాకు ఏ టికెట్టూ ఎక్కువ కాదు. కాకపోతే మే నెలలో ఆ దారి మీద ఇంకా మంచుండే అవకాశం ఎక్కువ, జూన్ మధ్య నుంచి ధైర్యంగా వెళ్ళొచ్చు.

షిల్ట్‌హార్న్ 2,970 మీటర్లు. అక్కణ్ణించి ఆ మూడు శిఖరాలూ లోయకి అవతల గట్టున ఒకేసారి కనపడతాయి, ఫొటోకి అదే బాగుంటుంది. టిట్లిస్ 3,000 మీటర్ల పైన, 1992 నుంచి గుండ్రంగా తిరిగే కేబుల్ కారుంది, లూసర్న్‌లో ఉండేవాళ్ళకి అది దగ్గర. మీరు ఇంటర్లాకెన్‌లో ఉంటూ టిట్లిస్‌కి పరిగెత్తక్కర్లేదు, లూసర్న్‌లో ఉంటూ జంగ్‌ఫ్రాకీ పరిగెత్తక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి, బీపీ. దసరా సెలవుల్లో తీసుకెళ్ళాలని ఉంది. తను నేను గదిలో కూచుంటాలే మీరెళ్ళండి అంటోంది. తీసుకెళ్ళొచ్చా? (రాజమండ్రి)

తప్పకుండా తీసుకెళ్ళండి. గదిలో కూచోబెట్టే ప్రసక్తే లేదు, మోకాళ్ళు బాగోని పెద్దవాళ్ళు అంత ఎత్తైన కొండల్ని అంత దగ్గరగా చూడగలిగే దేశం ఇంకోటి నాకు తెలియదు. ఇంటి గుమ్మంలో రైలెక్కి కొండ మీద దిగినట్టుంటుంది.

అమ్మగారికి నేను వరసగా చెప్తాను. మొదటిరోజు బ్రియెంజ్ సరస్సు మీద పడవ. ఆ నీళ్ళ రంగు ఫొటోల్లో చూసి ఎడిటింగ్ అనుకుంటారు, కాదు, గ్లేసియర్లు రాళ్ళని మెత్తగా నూరేస్తే ఆ పొడి నీళ్ళలో తేలుతూ ఉండి వెలుగుని అలా చెదరగొడుతుంది, అందుకే ఆ పచ్చనీలం. లోట్ష్‌బెర్గ్ అని 1914 నాటి స్టీమర్ ఇప్పటికీ తిరుగుతుంది, లోపల ఇత్తడి భాగాలు ధగధగలాడుతూ ఆవిరి యంత్రం ఆడటం పైనుంచి చూడొచ్చు. అది ఏ రోజుల్లో నడుస్తుందో టైంటేబుల్ చూసుకోండి. మధ్యలో గీస్‌బాఖ్ రేవులో దిగితే 1879 నాటి చిన్న కొండ రైలు జలపాతం దగ్గరికి ఎక్కిస్తుంది. ఇవన్నీ అక్టోబర్ మధ్య దాకానే ఉంటాయి, దసరా ఆలస్యంగా వచ్చే ఏడు అయితే తేదీలు సరిచూసుకోండి.

ఇంకోరోజు లౌటర్‌బ్రునెన్ నుంచి కేబుల్ కార్లో గ్రూచాల్ప్, అక్కడ దిగ్గానే పక్కనే చిన్న రైలు ముర్రెన్‌కి, కిటికీ పక్కన కూచుంటే చాలు. ముర్రెన్‌లో బెంచీలు బోలెడు, ఒక మధ్యాహ్నం మొత్తం ఆ ఎదురు కొండల మీద నీడ కదలడం చూస్తూ కూచోవచ్చు, మనవాళ్ళు ఇలా కూచోవడానికి టైం పెట్టుకోరు, అదే బాధ. మెన్‌లికెన్‌లో కూడా కేబుల్ కారు దిగిన చోటే మొత్తం కనపడుతుంది, నడక అక్కర్లేదు.

లూసర్న్ వైపు వెళ్తే రీగీ కొండ. పడవలో విట్స్‌నౌ దాకా వెళ్ళి అక్కడ పట్టాల మధ్యలో పళ్ళున్న ఇంకో పట్టాని పట్టుకుని ఎక్కే రైలు, 1871లో మొదలైంది, యూరప్‌లో ఇలాంటి కొండ రైలు ఇదే మొదటిది. మన ఊటీ రైలు కల్లార్ నుంచి కూనూరు దాకా ఎక్కేది కూడా ఇలాంటి పళ్ళ పట్టా మీదే, ఊటీలో వాడిన రకం పళ్ళ పట్టా కనిపెట్టింది రోమన్ ఆప్ట్ అనే స్విస్ ఇంజనీరు, ఊటీ పాత ఆవిరి ఇంజన్లు కూడా స్విట్జర్లాండ్‌లోని వింటర్‌తూర్‌లో తయారైనవే. ఈ ముక్క అమ్మగారికి చెప్పండి, ఊటీ చూసుంటే సంతోషిస్తారు. రీగీ కుల్మ్ 1,800 మీటర్లు కూడా లేదు కాబట్టి ఊపిరి ఇబ్బంది ఉండదు.

జంగ్‌ఫ్రా మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఎక్కించొద్దు. 3,454 మీటర్ల దగ్గర గాలి సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల ఒత్తిడే ఉంటుంది, రెండు గంటల్లో అంత పైకి వెళ్ళిపోతాం కాబట్టి ఒంటికి అలవాటుపడే టైం దొరకదు, వయసులో ఉన్నవాళ్ళకే తల తిరుగుతుంది. డాక్టర్ సరే అంటే, అక్కడికెళ్ళాక చిన్నగా నడవడం, నీళ్ళు తాగుతూ ఉండటం, ఏ కాస్త తేడాగా ఉన్నా వచ్చే రైలుకే దిగిపోవడం. విమానం దిగిన మర్నాడే మాత్రం వద్దు. బీపీ మందులు చేతి సంచిలో, ప్రిస్క్రిప్షన్ కాపీతో సహా.

ప్రశ్న: ఏ నెల బాగుంటుంది? మంచూ చూడాలి, పూలూ చూడాలి. (కర్నూలు)

మంచు పైన 3,000 మీటర్ల దగ్గర ఏడాదంతా ఉంటుంది కాబట్టి దాని కోసం చలికాలంలో వెళ్ళక్కర్లేదు. పూలకి జూన్ చివర నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు అస్తమించడు, రోజు రెండు రోజులంత ఉంటుంది. మే నెలలో జలపాతాలు బ్రహ్మాండం కానీ ఎత్తైన నడక దారులు, కొన్ని కొండ రైళ్ళు ఇంకా తెరవరు. ఉదాహరణకి షైనిగె ప్లాట్టె అని 1893 నాటి రైలుంది, పైన ఆల్ప్స్ పూల తోట ఉంది, అది జూన్‌లో గానీ మొదలవదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది సెప్టెంబర్. జనం తగ్గుతారు, గాలి శుభ్రంగా ఉంటుంది, వేసవంతా కొండల మీద మేసిన ఆవుల్ని తలకి పూలు కట్టి, మెడకి పెద్దపెద్ద గంటలు కట్టి ఊళ్ళోకి తోలుకొస్తారు, ఆ తేదీలు ఒక్కో ఊరికి ఒక్కోటి, వాతావరణాన్ని బట్టి మారుతూ ఉంటాయి, దొరికితే వదలకండి. నవంబర్లో మాత్రం వెళ్ళకండి, కేబుల్ కార్లు చాలామటుకు మరమ్మతులకి ఆపేస్తారు.

ప్రశ్న: స్విస్ ట్రావెల్ పాస్ కొనాలా వద్దా? అందరూ కొనమంటున్నారు. (హైదరాబాద్)

అందరికీ కాదు. ఆ పాస్ రైళ్ళకి, బస్సులకి, సరస్సు పడవలకి, 500కి పైగా మ్యూజియాలకి పనికొస్తుంది, రీగీ, స్టాన్సర్‌హార్న్, స్టూస్ కొండలు దాన్లో ఫ్రీ. చాలా కొండలకి సగం తగ్గుతుంది, జంగ్‌ఫ్రాకి మాత్రం పాతిక శాతమే. అంటే జూరిక్, లూసర్న్, జెర్మాట్ అని రోజూ ఊరు మారేవాళ్ళకి పాస్ లాభం. నేను చెప్పినట్టు ఒక్క లోయలో ఉండి కొండలే ఎక్కేవాళ్ళకి హాఫ్ ఫేర్ కార్డ్ మంచిది, నెల రోజులు ఉంటుంది, జంగ్‌ఫ్రాతో సహా చాలావాటికి సగం ధర. ఆ చుట్టుపక్కలే తిరిగితే జంగ్‌ఫ్రా ట్రావెల్ పాస్ అని ఇంకోటుంది, దాన్లో ఆఖరి మెట్టు, అంటే పైన ఉన్న ఆ స్టేషన్ వరకు, విడిగా కట్టాలి. ఎస్‌బీబీ (స్విస్ రైల్వే) యాప్‌లో మీరు వెళ్ళాలనుకున్నవన్నీ కొట్టి కాగితం మీద కూడికలు వేయండి, ఒక గంట పని, కుటుంబం మొత్తానికి వేలల్లో తేడా వస్తుంది. ఆరేళ్ళలోపు పిల్లలకి రైలు టికెట్ లేదు, 6 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి మీ పాస్‌తో పాటు ఫ్యామిలీ కార్డ్ ఉచితంగా అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వకపోవచ్చు.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. ఆవకాయ, నెయ్యి, కుక్కర్ పట్టుకెళ్ళొచ్చా? (నెల్లూరు)

ఆవకాయ, గోంగూర, కందిపొడి, కారప్పొడులు తీసుకెళ్ళండి, నూనె కారకుండా గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ సామాన్లో పెట్టండి. నెయ్యి వద్దు, పాలకోవా వద్దు, యూరప్ బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురానివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి తీసుకెళ్దామనుకునే మిగతా పాఠకులకి కూడా ఇదే జవాబు. పచ్చి కరివేపాకు, కూరగాయలు, మామిడిపండ్లు కూడా కుదరవు. ఎండబెట్టి పొడి చేసిన కరివేపాకు చాలు.

కుక్కర్ గురించి, అద్దె అపార్ట్‌మెంట్లలో ఇండక్షన్ స్టవ్వులు ఉండే అవకాశం ఎక్కువ, మన అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు, అడుగున ఇండక్షన్ ప్లేట్ ఉన్న స్టీల్ కుక్కర్ అయితేనే తీసుకెళ్ళండి. కరెంటు రైస్ కుక్కర్ తీసుకెళ్తే మన మూడు పుల్లల ప్లగ్ అక్కడ ఎక్కదు, వాళ్ళ మూడు రంధ్రాల సాకెట్ వేరే రకం, స్విట్జర్లాండ్ అడాప్టర్ అని అడిగి కొనండి, జర్మనీ, ఫ్రాన్స్‌కి పనికొచ్చే లావు గుండ్రటి అడాప్టర్ కూడా అక్కడ పట్టదు. ఫోన్ చార్జర్ల సన్నటి రెండు పుల్లలు మాత్రం నేరుగా దిగుతాయి. హోటల్ గదిలో వండకండి, పొగ అలారం మోగుతుంది. అపార్ట్‌మెంట్లో పోపు పెట్టేటప్పుడు చిమ్నీ ఆన్ చేసుకోండి, రాత్రి పది తర్వాత చప్పుడు చేయకండి, వాళ్ళు దాన్ని చాలా పట్టించుకుంటారు.

బియ్యం, పెరుగు, పాలు, బంగాళదుంపలు, టమాటాలు కోప్, మిగ్రోస్ షాపుల్లో దొరుకుతాయి. ఆదివారం మామూలు షాపులు మూత, పెద్ద స్టేషన్లలో ఉన్నవే తెరుస్తారు, శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోండి. బయట తినేటప్పుడు గట్టి శాకాహారులు రెండు విషయాలు తెలుసుకోవాలి, ఫాండ్యూలో (కరిగించిన చీజ్ వంటకం) వైన్ పోస్తారు, గ్రుయేర్ లాంటి చాలా సంప్రదాయ చీజ్‌ల తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ వాడతారు. సూపుల్లో మాంసం స్టాక్ ఉందేమో అడగండి. జూరిక్‌లో హిల్ట్‌ల్ అని 1898 నుంచి నడుస్తున్న శాకాహార హోటలుంది, ఎయిర్‌పోర్టుకి వచ్చే పోయే దారిలో ఒక పూట అక్కడ తినండి. మంచినీళ్ళ సీసాలు కొనకండి, వీధి కుళాయిల్లో, ఫౌంటెన్లలో వచ్చేవి తాగే నీళ్ళే, తాగకూడదని బోర్డు పెట్టినచోట తప్ప.

ప్రశ్న: గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాలని చిన్నప్పట్నుంచి కోరిక. ఒక్క రోజు దానికే పోతుందట కదా? (బెంగళూరు)

పోతుంది, జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్‌కి ఎనిమిది గంటలు, 291 వంతెనలు, 91 సొరంగాలు. కోరికైతే ఎక్కండి, సీటు రిజర్వేషన్‌కి పాస్ ఉన్నా విడిగా కట్టాలి. కానీ నాకైతే బెర్నినా ఎక్స్‌ప్రెస్ దారి ఇంకా ఇష్టం, కూర్ నుంచి ఇటలీలోని టిరానో దాకా వెళ్తుంది, ఆ రైలు దారిలో చాలా భాగం 2008లో యునెస్కో జాబితాలో చేరింది. 65 మీటర్ల ఎత్తున్న లాండ్‌వాసర్ వంతెన మీంచి వంపు తిరుగుతూ నేరుగా కొండలోని సొరంగంలోకి దూరిపోతుంది, 2,253 మీటర్ల దగ్గర ఓస్పిజియో బెర్నినా, అక్కణ్ణించి దిగి బ్రూసియోలో గుండ్రటి వంతెన మీద తన చుట్టూ తనే తిరుగుతుంది. బెర్నినా ఎక్స్‌ప్రెస్ పేరున్న రైల్లో అద్దాలు పెద్దవి కానీ తెరుచుకోవు. అదే పట్టాల మీద మామూలు లోకల్ రైళ్ళు కూడా తిరుగుతాయి, రిజర్వేషన్ అక్కర్లేదు, పాత పెట్టెల్లో కిటికీ కిందికి దించొచ్చు, నచ్చిన స్టేషన్లో దిగి తర్వాత రైలు పట్టుకోవచ్చు. ఫొటోలు తీసేవాళ్ళకి లోకల్ రైలే.

ప్రశ్న: గ్లేసియర్లు కరిగిపోతున్నాయి, ఇప్పుడు చూడకపోతే ఇంక చూడలేం అంటున్నారు. నిజమేనా? నేను డిగ్రీ చదువుతున్నాను, ఉద్యోగం వచ్చాక వెళ్దామనుకుంటున్నా. (వరంగల్)

కరుగుతున్న మాట నిజం. 2022, 2023 రెండేళ్ళలోనే స్విస్ గ్లేసియర్లు వాటి మొత్తం ఘనపరిమాణంలో పదో వంతు పోగొట్టుకున్నాయి, 2022లో ఆరు శాతం, 2023లో నాలుగు శాతం. ఫుర్కా కనుమ దగ్గర రోన్ గ్లేసియర్ అంచున కొంత మేర వేసవిలో కరక్కుండా ఏళ్ళ తరబడి తెల్లటి దుప్పట్లు కప్పుతూ వచ్చారు, ఒక నది పుట్టే చోటుని అలా బట్టలు కప్పి కాపాడుకోవాల్సి రావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. 2025 మే 28న లోట్షెన్ లోయలో బిర్ఖ్ గ్లేసియర్ కూలి బ్లాటెన్ అనే ఊరిని దాదాపు మొత్తం పూడ్చేసింది. కొండ కదులుతోందని కొన్ని రోజుల ముందే గమనించి సుమారు 300 మందిని, గొడ్లతో సహా, ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క మనిషి తప్ప అందరూ బతికారు, ఇళ్ళు మాత్రం పోయాయి.

కానీ నువ్వు భయపడి అప్పుచేసి ఇప్పుడే పరిగెత్తక్కర్లేదు నాన్నా. ఆలెచ్ చాలా పెద్దది, మధ్యలో దాని మందం దాదాపు 800 మీటర్లు, నువ్వు ఉద్యోగం తెచ్చుకుని వెళ్ళేసరికి అది ఉంటుంది. వెళ్ళినప్పుడు జంగ్‌ఫ్రా ఒక్కటే కాకుండా దక్షిణం వైపు, ఫీష్ అనే ఊరి నుంచి కేబుల్ కార్లో ఎగ్గిస్‌హార్న్ ఎక్కు, ఖర్చు తక్కువ, గ్లేసియర్ మొత్తం పొడుగునా కనపడేది అక్కణ్ణించే. ఇంకోమాట, నడక దారుల్లో పసుపు బోర్డుల మీద ఎన్ని కిలోమీటర్లో రాయరు, ఎన్ని గంటలు పడుతుందో రాస్తారు, అది కొండలు అలవాటున్న మనిషి టైం, మనం దానికి సగం కలుపుకోవాలి. తెలుపు ఎరుపు తెలుపు గీతలు ఉన్నవి కొండ దారులు, వాటికి మంచి బూట్లు ఉండాల్సిందే. దారి మూసేశామని బోర్డుంటే రాళ్ళు పడటం లాంటి ప్రమాదమేదో ఉందనే, దాటి వెళ్ళొద్దు.

ప్రశ్న: వీసాకి ఎప్పుడు అప్లై చేయాలి? (గుంటూరు, కాకినాడ, నిజామాబాద్ నుంచి ముగ్గురు)

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి తీసుకుంటారు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ అంతదాకా ఆగకండి, వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. మే ప్రయాణానికి ఫిబ్రవరిలో ఫైలు పెట్టేస్తే నిశ్చింత. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ 2008 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉంది, కాబట్టి షెంగెన్ వీసానే. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి, ఎక్కడ త్వరగా వస్తుందంటే అక్కడ పెట్టకండి, బుకింగులు చూసి తిరస్కరిస్తారు. ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు వాళ్ళకి 45, ఆరేళ్ళలోపు లేదు. కనీసం 30,000 యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి, కొండల్లో హెలికాప్టర్ రెస్క్యూ అందులో కలిసి ఉందో లేదో పాలసీలో చదివి మరీ తీసుకోండి. వీసా చేతికొచ్చేదాకా రద్దు చేసుకోగలిగే బుకింగులే చేయండి.